చుక్క కనిపించే కళ్ళద్దాలు

హలో… ఆ, నేనే… అమ్మనిరా. నీ చెల్లెలు లోపలుంది. ఫోను నా చేతిలో పెట్టి వెళ్ళింది.

లేదు, ఇంకా బయటికి రాలేదు… కళ్ళలో మందు వేశారు. కంటిపాప బాగా తెరుచుకున్నాక మళ్ళీ చూస్తారట… ఆ, ఒకసారి చూశారు. కంటి లోపల ఫోటో కూడా తీశారు… చెబుతాను, ఆగు. నువ్వు నాలుగు ప్రశ్నలు ఒకేసారి వేస్తే నాకున్నది ఒకటే నోరు.

ముందు నువ్వు చెప్పు. ఎక్కడున్నావు?…

వర్క్‌షాపులో ఉన్నావని నాకూ తెలుసు. వర్క్‌షాపులో ఎక్కడ?… బయట కుళాయి దగ్గరా. సరే. అయితే ఆ మిషను దగ్గర లేవు… ప్రస్తుతానికి అంటే?

అంటే పొద్దున కూర్చున్నావు.

నేను ఏం చెప్పి బయలుదేరానురా? ఆటో ఎక్కుతూ కూడా చెప్పాను. నేను కబురు చెప్పేదాకా ఆ లేజరు మిషను జోలికి వెళ్ళకు, దాన్ని చూడను కూడా చూడకు అన్నాను. ఊఁ అన్నావు. నువ్వు ఊఁ అన్నావంటే వినలేదని అర్థం. పాలు మరిచిన దగ్గర్నుంచీ ఇదే వరస…

గరిటెలా?… మిగిలితే మిగలనీ. గరిటె మీద హోటలు పేరు లేకపోతే వాళ్ళు వడ్డించడం మానేస్తారా?… సాయంత్రం లారీ వస్తుందా. రానీ. లారీకీ కళ్ళు రెండే, కానీ పగిలితే కొత్తవి బిగిస్తారు. మనకి ఆ సౌకర్యం లేదట. ఇప్పుడే తెలుసుకున్నాను.

లేదు, అరవడం లేదు… ఇక్కడ అరవకూడదు, గోడ మీద రాసి ఉంది. ఎదురుగా ఒక పెద్దాయన రెండు కళ్ళకీ దూది కట్టుకుని కూర్చున్నాడు, నా గొంతు పెరిగినప్పుడల్లా ఇటు తిరుగుతున్నాడు. నెమ్మదిగానే చెబుతాను. విను. కూర్చో ముందు… సరే, నిలబడే విను.

డాక్టరమ్మ మంచిదే. చిన్నపిల్లే, నీకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. దీన్ని బల్ల ముందు కూర్చోబెట్టి గడ్డం ఒక పట్టీ మీద ఆనించమంది. అటువైపు నుంచి లోపలికి చూసింది. ఏం చదివావమ్మా, ఏం పని చేస్తావమ్మా అని అడుగుతూనే చూస్తోంది. చూస్తూ చూస్తూ అడగడం మానేసింది. డాక్టర్లు మాట్లాడుతున్నంతసేపూ ఫరవాలేదు…

అదే చెబుతున్నా. కంటి వెనక తెర ఉంటుందట. మనం చూసేదంతా దాని మీద పడుతుందట. ఆ తెర నట్టనడుమ కాలిపోయింది… కాలిపోయింది అనే అంది. సూదిమొనంత చోటు. మనం అక్షరాలు చదివేదీ మొహాలు గుర్తుపట్టేదీ ఆ సూదిమొనంత చోటుతోనేనట. మిగతా తెరంతా ఉత్త చుట్టుపక్కల చూసుకోవడానికేనట…

కుడి కన్ను.

ఉన్నావా?…

మందు లేదట.

లేదురా, ఉంది అంటుందేమోనని మళ్ళీ మళ్ళీ అడిగాను. వాపు తగ్గడానికి ఏదో రాసింది. వాపు తీస్తే చుట్టూ అంచులు కాస్త తేటపడవచ్చు, పడకపోవచ్చు. మధ్యలోది మాత్రం… కాలినచోట మళ్ళీ మొలవదమ్మా, జుట్టు కాదు కదా అంది… లేదు, హేళనగా కాదు. నాకు అర్థమయ్యేలా చెబుదామని.

ఆపరేషనా?… అడిగాను. అన్నీ అడిగాను. నా కన్ను తీసి దానికి పెట్టమని కూడా అడిగాను. అలా కుదరదట.

నాన్నకా?… చెప్పలేదు. ఆయన బండి మీద ఉన్నారు, ఎక్కడో కొండ దారిలో. స్టీరింగు పట్టుకున్నవాడికి కళ్ళ సంగతి చెప్పకూడదు. ఇంటికొచ్చాక చూసుకుందాం. నువ్వు కూడా చెప్పకు.

నిన్న పొద్దున జరిగిందటరా. నాకు చెప్పింది సాయంత్రం… నీకూ చెప్పలేదా? ఒకే కప్పు కింద ఉంటారు కదా ఇద్దరూ… దుమ్ము పడిందందా. ఆ, నాకూ మొదట అదే చెప్పింది. కుళాయి కింద కళ్ళు కడుక్కుని మళ్ళీ వెళ్ళి కూర్చుందట. ఆ పూటంతా ఎడమ కంటితోనే గరిటెల మీద పేర్లు వేసిందట. సాయంత్రం నేను తలుపు తీస్తే గుమ్మంలో నిలబడి, ఎడమ కన్ను చేత్తో మూసుకుని నన్నే చూస్తోంది. ఏమే అన్నాను. "అమ్మా, నీ చెవులున్నాయి, కొప్పు ఉంది, మధ్యలో మొహం లేదే" అంది. నవ్వుతూ అంది. నేనూ నవ్వానురా. వేళాకోళం అనుకుని, ఉన్నదే ఆ మాత్రం మొహం, అదీ పీకేశావా అన్నాను…

అనుకుంటే ఇప్పుడు నోరు చేదెక్కుతోంది.

ఎలా అంటే… పొడవు గరిటె. ఆ మిషను పెట్టెలో పట్టదుగా, కాడ బయటికి ఉంటుంది. అందుకే కదా మీరు పెట్టె తలుపు ఊడదీసి గోడకి ఆనించారు. గరిటె జారిందట. సరిచేద్దామని వంగింది. వంగేటప్పుడు కాలు కిరణం వదిలే పెడలు మీద పడింది. గరిటె గుంట ఇటువైపు తిరిగి ఉంది. పాలిష్ పట్టిన గుంట, అద్దం కంటే అద్దం కదా అది… కిరణం దాని మీద పడి కంట్లోకే తిరిగింది, అంతే. తలలో ఎవరో చిటికె వేసినట్టు టప్‌మందట. నొప్పి లేదు. మంట లేదు. పెద్ద వెలుగు కూడా ఏమీ లేదట.

అదే నన్ను తినేస్తోంది. నొప్పి ఉంటే అరిచేది. అరిస్తే నువ్వు పరిగెత్తేవాడివి.

మీరందరూ నన్ను చూసి నవ్వుతారు కదా, అమ్మ వార్తలు మొదలయ్యాయి అంటారు కదా. గ్యాసుబండ పేలుతుందంటాను. ఫ్యాను ఊడిపడుతుందంటాను. లిఫ్టు తాడు తెగుతుందని మెట్లెక్కుతాను. ఇది ఆ పనిలో చేరినప్పుడు నేను ఊరుకున్నానా? పొగ పీలుస్తుందేమోనని గుడ్డ మాస్కులు కుట్టాను. చేతులు కాలతాయేమోనని పొడుగు చేతుల చొక్కాలు కొన్నాను. కరెంటు కొడుతుందేమోనని రబ్బరు చెప్పులు తెచ్చాను. ఒక తల్లి భయపడదగ్గవన్నీ వరసగా భయపడ్డాను. నేను భయపడడం మరిచిపోయింది ఒక్కటే. అదొక్కటే వచ్చింది.

ఎలా భయపడతాను, చూడటానికి ఏముంది అక్కడ? క్యారేజీ తెచ్చినప్పుడు నేనూ తొంగిచూశాను. ఒక పెట్టె. ఎర్ర చుక్క ఒకటి గరిటె మీద చీమలా పాకుతోంది. ఇంతేనా అనుకున్నాను. మన వీధి పిల్లలు గోడ మీద వేసి పిల్లిని ఆడిస్తారే, అలాంటిదే అనుకున్నాను…

ఆ చుక్క కాదట, అవును. డాక్టరమ్మా అదే చెప్పింది. చుక్క ఊరికే దారి చూపిస్తుందట, లారీ వెనక్కి వస్తుంటే ముందు దిగి విజిలు వేసే క్లీనరులాగా. అసలు లారీ వేరే ఉంది. అది కంటికి కనిపించదు. కనిపించే వెలుతురైతే రెప్ప దానంతటదే పడుతుందట. కనిపించనిదానికి రెప్ప ఎందుకు పడుతుంది? తలుపు బార్లా తీసి దొంగకి మంచం వేసినట్టే…

నీకు తెలుసా?

తెలిసీ—

సరే. తెలియడానికేం, సిగరెట్టు చెడ్డదని మీ నాన్నకి తెలియదా.

ఏంటి?… ఓనరుగారు ఏమన్నారు?…

సూర్యుణ్ణి తేరిపార చూసిందని చెప్పమన్నారా.

సూర్యుణ్ణి. పొద్దున్నే లోపలికి వెళ్ళిన పిల్ల చీకటి పడ్డాక బయటికి వస్తుంది. ఎండ మొహం చూసే తీరిక ఆయన ఎప్పుడిచ్చారు దానికి?… లేదు, నిజమే చెప్పేశాను. డాక్టరమ్మ మొట్టమొదట అడిగిందే అది. ఏ మిషను, ఏ రకం కిరణం, పెట్టె మూసి ఉందా తెరిచి ఉందా, ఎంత దగ్గరగా ఉన్నావు అని. అక్కడ అబద్ధం చెబితే వైద్యం కూడా అబద్ధమే అవుతుంది… కోపం వస్తే రానీ. పని మానిపిస్తే మానిపించనీ… ఇద్దర్నీనా? ఇద్దర్నీ మానిపించమను. చేతులెత్తి దణ్ణం పెడతాను.

ఒరేయ్, అసలు సంగతి మరిచాను. అది పెట్టుకునే కళ్ళద్దాలు. దాని సంచిలో ఉంటే తీసి డాక్టరమ్మకి చూపించాను. కొంచెం గట్టిగానే అడిగాను కూడా. ఇదిగో, ఇవి పెట్టుకునే ఉంది, పెట్టుకున్నా ఎలా కాలిందో చెప్పండి అని. ఆవిడ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. చెవి దగ్గర కాడ మీద ఏదో వెదికింది. నంబరు లేదేమిటి అంది. మిషనుకి వెనక రేకు మీద నంబరు ఉంటుందట, దాని కిరణం నంబరు. అద్దం మీద కూడా ఆ నంబరే ఉండాలట. ఏ తాళానికి ఆ తాళంచెవి. ఇవేమో చెక్క కోసేవాళ్ళు పొట్టు పడకుండా పెట్టుకునేవట…

పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఒకటేనట. పెట్టుకున్నామన్న ధైర్యం మాత్రం అదనం. ఆ ధైర్యంతోనే కదా మొహం తీసుకెళ్ళి గరిటె పక్కన పెట్టింది.

మిషనుతో పాటు సరైనవి రాలేదా?… వచ్చాయా. పచ్చవి. మరి అవెక్కడ?… డబ్బాలోనే ఉన్నాయా. డబ్బాలో ఎందుకున్నాయి?…

చుక్క కనబడదా?

నాకు అర్థమయ్యేలా చెప్పు… ఆ. పచ్చ అద్దాలు పెట్టుకుంటే ఎర్ర చుక్క కనిపించదు. చుక్క కనిపించకపోతే పేరు ఎక్కడ పడుతుందో తెలియదు. వంకరగా పడితే గరిటె దండగ. అందుకని… అందుకని బజారుకెళ్ళి చుక్క బాగా కనిపించే అద్దాలు ఏరి తెచ్చుకున్నారు.

ఒక్కొక్కటీ పెట్టుకుని చూసి మరీ ఏరారా?… చుక్క ఎంత బాగా కనిపిస్తే అంత మంచి అద్దం. అంతేనా?

వానకి గొడుగు కొనబోయి, చిల్లులున్నదైతే మబ్బు బాగా కనిపిస్తుందని అది తెచ్చుకున్నట్టుందిరా మీ పని. నాకు నవ్వూ రావడం లేదు, ఏడుపూ రావడం లేదు.

ఎవరు తెచ్చారవి?…

ఎవర్రా?… అది నాతో "నేనే ఎంచుకున్నా" అంది. డాక్టరమ్మతోనూ అదే అంది. నిన్ను అడుగుతున్నాను, ఎవరు తెచ్చారు?

…

నువ్వా.

…

నాన్నా… ఉన్నావా? ఉన్నావులే, ముక్కు ఎగబీలుస్తున్నావు, వినబడుతోంది. చూడు. ఇప్పుడు నిన్ను ఏమీ అనను. మాటలు లేక కాదు, ఒక జన్మకి సరిపడా ఉన్నాయి. నాకు ముందు ఇంకోటి తెలియాలి. అది లేనప్పుడు ఆ మిషను మీద కూర్చునేది నువ్వే కదా… నువ్వు ఏ అద్దాలు పెట్టుకుంటావు?

అవే.

ఎప్పటి నుంచి?…

దానికంటే ముందు నుంచి.

సరే. సరే. ఏం కాదు. ఇప్పుడు మిషను మీద ఎవరున్నారు?… పాలిష్ పట్టే బాబాయా? ఆయనెందుకు కూర్చున్నాడు?… నువ్వు ఫోను మాట్లాడొస్తానంటే నీ బదులుగానా. నడు, నడు. వెళ్ళి ఆపు… ఫోను పెట్టకు. చేతిలో పట్టుకునే వెళ్ళు, నాకు వినబడాలి… చెప్పాల్సింది ఆయనకి కాదురా, మిషనుకి. ఆపి వచ్చాక చెప్పుకుందాం ఆయనకి.

గది గుమ్మం దగ్గరే ఆగు. చటుక్కున లోపలికి దూరకు. ముందు కేక వెయ్యి. పెడలు మీద నుంచి కాలు తీయమను. తీశాకే లోపలికి వెళ్ళు.

ఒరేయ్, నడుస్తూనే ఒకటి చెప్పు. మా మిక్సీకి మూత సరిగ్గా పెట్టకపోతే తిరగను పొమ్మంటుంది. అంత ఖరీదు మిషనుకి ఆపాటి బుద్ధి ఉండదా? తలుపు లేకుండా ఎలా నడుస్తోంది?… ఉండేదా. మరి?…

అయస్కాంతం.

తలుపు ఉండాల్సిన చోట అయస్కాంతం ముక్క అతికించారు. అది తలుపు మూసే ఉందనుకుంటోంది పాపం… ఎవరు అని అడగనులే. ఇక ఎవరు అని అడగను.

వచ్చావా?… ఆ మోతేనా అది, కందిరీగలా… కేక వెయ్యి. ఇంకా గట్టిగా… ఏమంటున్నాడు?… నవ్వుతున్నాడా. ఇన్నాళ్ళ నుంచీ ఈ పక్కనే ఉన్నాను, నన్నేం చేసింది అంటున్నాడా. నీ ఫోనులో నంబరు కనబడక ఎవరితోనో నొక్కించుకుంటావు బాబాయ్, నిన్నేం చేయలేదని ఎలా తెలుసు అని అడుగు… అడగొద్దులే. పెద్దాయన. తాళం తిప్పమను చాలు.

ఆ… ఆగింది. వినబడింది. తాళంచెవి తీసి జేబులో వేసుకో. ఓనరుగారు అడిగితే మా అమ్మ దగ్గర ఉందని చెప్పు. నా దగ్గరికి వచ్చి అడగమను.

హమ్మయ్య.

ఇప్పుడు ఆ గదిలోంచి బయటికి రా… ఇంకా ఇవతలికి, వెలుతురులోకి. వచ్చావా? నేను చెప్పినట్టు చెయ్యి, ఎందుకని అడగకు. నీ ఎదురుగా నిటారు గీతలున్నది ఏమైనా ఉందా? గళ్ళ కాగితం లాంటిది, గ్రిల్లు లాంటిది, ఏదైనా సరే… వెనక గేటు. కమ్మీల గేటేనా. సరే, దాని ముందు నిలబడు. మరీ దగ్గరికి కాదు.

డాక్టరమ్మ దీనికి గళ్ళ కాగితం చూపించింది. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఒకదాని తప్పు ఇంకోటి కప్పేస్తుందట, మీ ఇద్దరిలాగా. అందుకే చాలామందికి తెలియనే తెలియదట. ఒక్కొక్కటే చూడాలట. నీ చెల్లెలు ఎడమ కంటితో చూసి అన్నీ సరిగ్గా ఉన్నాయంది. కుడి కంటితో చూసి, మధ్యలో గళ్ళు లేవు, చుట్టూ గీతలు లోపలికి గుంజుకుపోయాయి అంది. గుడ్డ మేకుకి తగులుకుంటే లాగినట్టు ఉంటుందే, అలా…

నీకేం ఉండదులే. నువ్వు జాగ్రత్త గలవాడివి. దానిలా మొహం లోపల పెట్టవు. ఊరికే, నా తృప్తి కోసం. నా సంగతి తెలుసు కదా, నాకు తృప్తి లేకపోతే మీ ఎవరికీ నిద్ర ఉండదు.

కుడి కన్ను మూయి. నొక్కకు, అరచెయ్యి ఊరికే అడ్డం పెట్టు. ఎడమ కంటితో నడిమి కమ్మీ చూడు. దాన్నే చూడు, పక్కలకి పోకు… నిటారుగా ఉందా. పక్కవి?… అన్నీ నిటారే. చూశావా. నేను చెప్పలేదూ.

ఇప్పుడు ఎడమది మూయి. కుడి కంటితో చూడు. అదే కమ్మీ…

…

చెప్పు.

ఊఁ అనకు. చెప్పు…

ఎక్కడ వంగింది?

…

గేటే వంగి ఉంటుంది. ఏదో లారీ గుద్దిందని నువ్వే అన్నావు ఒకసారి… అది ముందు గేటా. వెనకదాన్ని కూడా ఎవరో గుద్ది ఉంటారు, నీకు చెప్పి గుద్దుతారా ఏం?… ఎడమ కంటితో నిటారుగా ఉంటే ఉండనీ. ఒక్కో వైపు నుంచి ఒక్కోలా కనిపిస్తుంది ఇనుము.

చెమట పడిందేమో కంట్లో. తుడుచుకో… చేత్తో కాదు, ఆ చేతులకి పాలిష్ ఉంటుంది. చొక్కా అంచుతో. తుడిచావా? చూడు…

గేటు వదిలెయ్. ఇంకోటి చూడు. తలుపు అంచు చూడు. గోడ మూల చూడు…

అదే చోటా.

చూపు ఎటు తిప్పితే అటు వస్తోందా. నీతో పాటే…

నిద్ర లేదు నీకు. నిన్నటి నుంచీ కూడు లేదు, కంటి మీద కునుకు లేదు. అలాంటప్పుడు నాకూ గీతలు వంగుతాయి. నిజంరా. ఒకసారి కూరగాయలు తరుగుతుంటే కత్తిపీటే వంగి కనిపించింది నాకు. పడుకుని లేచాక సరిపోయింది… నేనెందుకు అబద్ధం చెబుతాను? నేను ఎప్పుడైనా ఏమీ కాదు అని చెప్పానా నీకు? ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి చెబుతున్నాను, నమ్మరాదూ.

ఎప్పటి నుంచో తెలియదా… ఎలా తెలుస్తుంది. అదే కదా ఆవిడ చెప్పింది.

ఏంటి?… పేర్లు వంకరగా పడుతున్నట్టు నీకు కనబడుతుంటే… మిషను కదిలిందనుకున్నావా. బల్ల కింద చెక్క ముక్కలు పెట్టి సరిచేశావా… ఓనరుగారు తిట్టడం ఆ తర్వాతేనా…

నాన్నా.

పేర్లు సరిగ్గానే పడేవేమో నాన్నా. నువ్వు చెక్కలు పెట్టకముందు.

…

ఏడవకు. కళ్ళు… ఏడవొచ్చో లేదో నేను ఆవిడని అడగలేదు. ఆపు కాసేపు. నేను అడుగుతాను, అడిగాక ఏడుద్దువుగాని.

ఇటు రా. ఇప్పుడే బయలుదేరు. ఆటో ఎక్కు, సైకిలు వద్దు… వాచీ లోపలే ఉండిపోయిందా? ఉండనీ, తర్వాత తెచ్చుకోవచ్చు. డాక్టరమ్మ ఉండగానే నీదీ చూపిద్దాం. దానిలా మొత్తం కాలలేదేమో. అంచున తగిలిందేమో. ఎప్పటికప్పుడు పట్టుకుంటే నిలబడుతుందేమో. అడుగుదాం… నేను ఆశపడటం నీకు వింతగా ఉందా? నాకూ వింతగానే ఉంది. అలవాటు లేని పని, సరిగ్గా చేస్తున్నానో లేదో.

ఆగు. తలుపు తీశారు… వస్తోంది. నర్సమ్మ చెయ్యి వద్దంది, గోడ పట్టుకుని వస్తోంది. వెలుతురు పడటం లేదు కాబోలు, తల వంచుకుంది.

త్వరగా విను. లోపలికి వెళ్ళేముందు అది నన్ను అడిగింది ఒక్కటే, అన్నయ్యని కూడా కళ్ళు చూసుకోమన్నావా అని. ఆ మిషను మీద ఇంకెవరైనా కూర్చుంటారా అని డాక్టరమ్మ అడిగితే ఎవరూ లేరంది. నీ పేరు చెప్పలేదు. నీ మీద మాట వస్తుందని. అది ఇప్పుడు ఆ రెండు కాళ్ళ మీద నడవడం లేదురా, నీ కళ్ళు బాగున్నాయన్న మాట మీద నడుస్తోంది. ఈ పూటకి నడవనీ. నువ్వు ఇక్కడికి వచ్చేదాకా… తర్వాత ఎలాగూ తెలుస్తుంది. తెలియనీ, తర్వాత.

—రావే, ఇటు, ఇటు. ఇదిగో నా చెయ్యి. కుర్చీ ఉంది వెనక, కూర్చో… ఆ, అన్నయ్యే… ఆపేశాడు. తాళంచెవి కూడా తీసేశాడు… పాలిష్ బాబాయ్ నవ్వాడట, అయినా ఆపేశాడు… చూసుకున్నాడే. ఇప్పుడే, నేనే చూపించాను. గేటు కమ్మీలు… ఒక్కొక్క కన్నే మూసి చూశాడు, డాక్టరమ్మ చెప్పినట్టే… నిటారుగా ఉన్నాయట. రెండింటికీ… ఏం, నా గొంతుకేమైంది? ఈ ఏసీ గాలి పడక.

విన్నావుగా, నాన్నా. అదే మాట… అది ఒక్క మాటే అడుగుతుంది. ఒక్క మాటే చెప్పు… నావల్ల కాదు అనకు. నావల్ల అవుతోంది కదా.

ఇస్తున్నాను… ఇదిగోవే, పట్టుకో. జాగ్రత్త, జారుతుంది. చెవికి ఆనించు. మాట్లాడు.

…

ఏమైంది?… పలకడం లేదా. ఇటివ్వు. హలో… నాన్నా… హలో.

కట్టయింది.

లేదే, కోపమెందుకు నీ మీద? వాడికి నీ మీద కోపమేంటి? సిగ్నలు పోయి ఉంటుంది. ఆ వెనక గేటు దగ్గర సిగ్నలు ఉండదుగా…

…

రోజూ నాకు నువ్వు ఫోను చేసేది ఆ గేటు దగ్గర నుంచేనా.